రోజూ మరవకుండా వేసే మాత్ర... ఒక్కోనాడు ఆపాలి సుమా!

ఈ వారం ఉత్తరాల కట్టలోంచి ఒక్క ఉత్తరమే తీశాను. చదివాక మరొకటి విప్పబుద్ధి కాలేదు. ఆలేరు నుంచి ఒక చెల్లెలు రాసింది. పేరు వేయొద్దంది, కాబట్టి వేయడం లేదు. ముందు మీరూ చదవండి.

"అక్కా! మా అత్తమ్మకు అరవై నాలుగేండ్లు. పదేండ్ల నుంచి షుగర్ ఉన్నది. మాత్రలు నేనే చేతికిస్త. ఒక్క పూట తప్పనియ్య. మొన్న ఎండాకాలంల పెండ్లికి పోయొచ్చిన తెల్లారి నుంచి వాంతులు, విరేచనాలు పట్టుకున్నయి. అన్నం ముట్టలే. నీళ్లు తాగినా కడుపుల నిలువలే. 'షుగర్ మనిషి, మందు తప్పితే ఎట్ల?' అని మూడు దినాలు పొద్దున, రాత్రి మాత్రలు మాత్రం ఇచ్చిన. ఒళ్లునొప్పులంటే నొప్పుల గోలీ తెప్పించి అది గూడ ఇచ్చిన. మూడోనాటికి మూత్రం బందయింది. నాలుగోనాడు ఉరికొచ్చినట్టు రొప్పుడు మొదలైంది. మాట తడబడ్డది. హైదరాబాద్ తీసుకపోతే, 'షుగర్ మందు ఒంట్ల నిలిచిపోయింది, రక్తంల యాసిడ్ పెరిగింది, వెంటనే డయాలసిస్ చెయ్యాలె' అన్నరు. మా ఆడబిడ్డ వద్దంటే వద్దని ఏడ్చింది. ఒక్కసారి డయాలసిస్ ఎక్కితే జన్మంత దిగేది లేదన్నది. సంతకం పెట్టేతందుకు మా ఇంటాయనకు మూడు గంటలు పట్టింది. ఎట్లనో ఒప్పుకున్నం. అత్తమ్మ బతికి ఇంటికొచ్చింది. ఇప్పుడు డయాలసిస్ గూడ లేదు. కానీ ఇంట్ల అందరు నన్నే చూస్తున్నరు. మందు ఇచ్చింది నేనే కద! నా చేతులతోని నేనే విషం పెట్టిన్నా అక్కా?"

లేదు చెల్లెమ్మా, మీరు విషం పెట్టలేదు. మీరు చేసింది పదేళ్లపాటు మీకు అందరూ చెప్పిన పనే. "మందు మానొద్దు" అని చెప్పినవాళ్లు, "ఫలానా రోజు మాత్రం ఆపి మమ్మల్ని అడుగు" అన్న రెండో మాట చెప్పలేదు. ఆ రెండో మాట ఈ వారం మనందరం నేర్చుకుందాం. ఎందుకంటే షుగర్ మాత్రల స్ట్రిప్పు లేని ఇల్లు ఇప్పుడు మన వీధిలో వెతికినా దొరకదు. ఆ స్ట్రిప్పు తాళం చెవి కూడా ఎక్కువగా మన కొంగుకే ఉంటుంది.

మందు చెడ్డది కాదు

ఉత్తరంలో మందు పేరు లేదు. కానీ జరిగిన వరస చూస్తే అది మెట్‌ఫార్మిన్ అని ఏ డాక్టరైనా ముందు అనుమానిస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు మొదట రాసే మందు చాలామందికి ఇదే. గ్లైకోమెట్ అన్నా, గ్లైసిఫేజ్ అన్నా లోపల ఉన్నది ఇదే. 500, 850, 1000 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది.

దీని పుట్టుక యూరప్‌లో గలేగా అనే ఒక మొక్క దగ్గర మొదలైంది. ఆ మొక్కలోని పదార్థానికి దగ్గరి చుట్టమైన ఈ మందును 1922లో డబ్లిన్‌లో రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. దాన్ని షుగర్ రోగులకు ఇచ్చి చూసి, 1957లో లోకానికి చెప్పినవారు ఫ్రాన్సు డాక్టరు జాన్ స్టెర్న్. దీనికి ఫెన్‌ఫార్మిన్ అని ఒక అక్కలాంటి మందు ఉండేది. అది రక్తంలో యాసిడ్ పెంచి ప్రాణాలు తీస్తోందని అమెరికాలో 1970ల చివర్లో ఆపేశారు. మన దేశంలో 2003లో నిషేధించారు. అక్కకొచ్చిన చెడ్డపేరు వల్లనే చెల్లెల్ని అమెరికా 1994 దాకా గడప తొక్కనివ్వలేదు. ఆ తర్వాత చూస్తే మెట్‌ఫార్మిన్ చాలా నెమ్మదస్తురాలని తేలింది. యాసిడ్ పెరగడం దీంతో బహు అరుదు. లక్షమంది ఏడాదిపాటు వాడితే పదిమందికి లోపే అని లెక్క.

కాబట్టి ఇది చదివి, రేపటి నుంచి మీ వాళ్ల మాత్రలు అటకెక్కించకండి. మానేస్తే షుగర్ పెరిగి కళ్లు, కాళ్లు, కిడ్నీలు పాడవుతాయి. అదింకా పెద్ద ముప్పు. మనం నేర్చుకోవాల్సింది మానడం కాదు, ఒంట్లో బాగాలేని రోజున కాస్త ఆపడం.

పెరుగులో పులుపు... ఒంట్లో పులుపు

పాలు తోడు పెట్టి మరిచిపోతే పెరుగు పులిసిపోతుంది కదూ? ఆ పులుపు పేరు లాక్టిక్ యాసిడ్. విచిత్రం ఏమిటంటే, అదే యాసిడ్ మన ఒంట్లో కూడా రోజంతా కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు కాలేయం తీసుకుని, తిరిగి చక్కెరగా మారుస్తుంది. (పుల్ల పెరుగు తింటే ఈ జబ్బు వస్తుందేమోనని భయపడకండి. దానికీ దీనికీ సంబంధం లేదు.)

మెట్‌ఫార్మిన్ చేసే ముఖ్యమైన పని, కాలేయం కొత్తగా చక్కెర తయారుచేయకుండా చెయ్యి పట్టుకోవడం. అందుకే షుగర్ తగ్గుతుంది. మందు తగు మోతాదులో ఉన్నంతవరకు హాయి. కానీ అది ఒంట్లో పేరుకుపోతే, కణాల్లో శక్తిని పుట్టించే పొయ్యి సరిగా మండదు. లాక్టిక్ యాసిడ్ ఎక్కువ తయారవుతుంది. దాన్ని వాడుకోవాల్సిన కాలేయమేమో చేతులు కట్టుకుని కూర్చుంటుంది. రక్తం పులిసిపోవడమంటే అదే.

మరి మందు ఎందుకు పేరుకుంటుంది? చాలా మందుల్ని కాలేయం విరిచి పారేస్తుంది. మెట్‌ఫార్మిన్‌ను విరిచేవాళ్లెవరూ లేరు. వచ్చినది వచ్చినట్టే మూత్రంలో పోవాల్సిందే. కిడ్నీలు బాగుంటే ఒంటికి పట్టిన మందులో పదింట తొమ్మిది వంతులు ఒక రోజులో వెళ్లిపోతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయిందనుకోండి. కిడ్నీలకు రక్తం చాలదు, మూత్రం తగ్గుతుంది. మోరీ మూసుకుపోయిన స్నానాల గదిలో నల్లా విప్పి వదిలేసినట్టే... నీళ్లు పోయే దారి లేదు, వచ్చే ధార ఆగలేదు. దానిమీద నొప్పుల గోలీ కిడ్నీలను ఇంకా కుంగదీస్తుంది. ఆలేరు అత్తమ్మకు జరిగింది ఇదేనని ఉత్తరం చదివితే తోస్తోంది.

ఆ రొప్పుడు సంగతి చూడండి. ఊపిరితిత్తుల్లో జబ్బేమీ ఉండనక్కరలేదు. రక్తంలో పెరిగిన పులుపును ఊపిరి ద్వారా అయినా బయటికి తోసేద్దామని శరీరం పడే పాట్లు అవి. "ఆయాసమేలే, కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అనుకునే ఘడియ కాదది.

డయాలసిస్ ఎందుకన్నారు?

రక్తంలో పులుపు కొలిచే లెక్క ఒకటుంది, పీహెచ్ అంటారు. మామూలుగా 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. వినడానికి చిన్న తేడాలే గానీ, 7.0కి దిగిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. లాక్టేట్ అని ఇంకో పరీక్ష చేస్తారు. అది మామూలుగా 2 లోపు ఉంటుంది. 5 దాటితే ప్రమాదం మొదలు.

విషాలకు డయాలసిస్ ఎప్పుడు చెయ్యాలో తేల్చే పలు దేశాల నిపుణుల బృందం ఒకటుంది, ఎక్స్‌ట్రిప్ అని. మెట్‌ఫార్మిన్ గురించి వాళ్లు 2015లో చెప్పినది ఇది. లాక్టేట్ 20 దాటినా, పీహెచ్ 7.0కో అంతకన్నా కిందికో దిగినా, సెలైన్ వంటి మామూలు వైద్యంతో కుదుటపడకపోయినా డయాలసిస్ చెయ్యాలి. బీపీ పడిపోయి, కిడ్నీలు చెడి, స్పృహ తప్పుతున్న మనిషికైతే అంతదాకా ఆగకుండా ఇంకా ముందే చెయ్యొచ్చు.

ఇక్కడ డయాలసిస్ మూడు పనులు చేస్తుంది. ఒకటి, పేరుకుపోయిన మందును బయటికి లాగుతుంది. మెట్‌ఫార్మిన్ చాలా చిన్న రేణువు, రక్తంలోని మాంసకృత్తులను పట్టుకుని వేలాడదు. అందుకే జల్లెడ కన్నాల్లోంచి పిండి జారినట్టు ఆ యంత్రంలోని వడపోత పొరలోంచి జారిపోతుంది. రెండు, లాక్టిక్ యాసిడ్‌నూ కడిగేస్తుంది. మూడు, పులుపును విరిచే బైకార్బనేట్‌ను రక్తానికి అందిస్తుంది. చారు పులిసిందని మనం చిటికెడు ఉప్పో, బెల్లమో వేసి సరిచేస్తాం చూడండి, ఆ తీరున. కిడ్నీలు కోలుకునేదాకా వాటి పనీ అదే చేసిపెడుతుంది.

దీనికి మెడ దగ్గరో, గజ్జల్లోనో పెద్ద రక్తనాళంలో గొట్టం పెడతారు. చూసి బెంబేలు పడకండి. అది కొన్నాళ్లకే, పని అయ్యాక తీసేస్తారు. మామూలు డయాలసిస్ మందును వేగంగా తీస్తుంది కాబట్టి నిపుణులు మొదట దానికే ఓటేశారు. బీపీ బాగా పడిపోయి దాన్ని తట్టుకోలేని మనిషికి, రాత్రింబవళ్లు నిదానంగా నడిచే యంత్రం పెడతారు. డాక్టర్లు దాన్ని సీఆర్‌ఆర్‌టీ అంటారు. ఖర్చు ఎక్కువ, అన్నిచోట్లా ఉండదు.

ఇంకో మాట. ఒకసారి చేసి "బాగుంది" అన్న డాక్టరే మర్నాడు మళ్లీ చెయ్యాలంటే, డబ్బు కోసమేనని అనుమానపడకండి. కణాల్లో దాగిన మందు నెమ్మదిగా రక్తంలోకి తిరిగి ఊరుతుంది. పిండిన గుడ్డను కాసేపాగి పిండితే మళ్లీ నీళ్లు రావూ? అలాగన్నమాట.

"ఎక్కితే దిగేది లేదు" అన్నది నిజమా?

ఆ ఆడబిడ్డ తప్పు కూడా కాదు. మనం ఊళ్లో చూసేది ఏళ్ల తరబడి వారానికి రెండుసార్లు, మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లనే. వాళ్ల కిడ్నీలు పూర్తిగా పాడైపోయాయి. డయాలసిస్ వాళ్ల కిడ్నీలను పాడు చేయలేదు, పాడైన కిడ్నీల బదులు పనిచేస్తోంది. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి.

మెట్‌ఫార్మిన్ పేరుకున్నప్పుడు చేసే డయాలసిస్ వరదొచ్చిన రోజు పెట్టిన పంపులాంటిది. నీళ్లు తోడేశాక పంపు తీసేస్తారు. అంతకు ముందు కిడ్నీలు బాగున్నవాళ్లలో చాలామందికి కొన్ని రోజుల్లోనో, వారాల్లోనో మూత్రం మళ్లీ మామూలవుతుంది. ముందే కిడ్నీలు సగం దెబ్బతిని ఉన్నవాళ్లకు మాత్రం ఎక్కువ కాలం పట్టొచ్చు, కొందరికి డయాలసిస్ కొనసాగనూ వచ్చు. దాచి లాభం లేదు. ఇది అరుదైన జబ్బే గానీ వస్తే ప్రాణాంతకమే, ఎంత చేసినా కొందరు దక్కరు. అందుకే సంతకం దగ్గర పోగొట్టే గంటలు చాలా ఖరీదైనవి. "వద్దు" అనేముందు డాక్టర్ని ఒక్క ప్రశ్న అడగండి: "ఇది కొన్నాళ్లకేనా, ఎప్పటికీనా?" జవాబు విన్నాక సంతకం పెట్టే చెయ్యి వణకదు.

గుప్పెడు మాత్రలు మింగితే?

మందు పేరుకోవడం ఒక్కటే దారి కాదు. మరచిపోయి రెండుసార్లు వేసుకునే పెద్దవాళ్లున్నారు. ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లతో రాసిన ఒకే మందును రెండూ మింగేవాళ్లున్నారు. బిళ్లలనుకుని నోట్లో వేసుకునే పిల్లలున్నారు. బాధలో, కోపంలో స్ట్రిప్పు మొత్తం మింగేవాళ్లూ ఉన్నారు.

ఎవరైనా సరే, ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించకండి. మింగిన మనిషి మొదట కొన్ని గంటలు బాగానే కనిపించొచ్చు, నమ్మి ఊరుకోకండి. 108కి ఫోన్ చేసి, ఖాళీ స్ట్రిప్పులతో సహా దవాఖానకు తీసుకెళ్లండి.

స్ట్రిప్పు ఎందుకంటే, మన దగ్గర ఒకే మాత్రలో రెండు మందులు కలిపి అమ్మేవి ఎక్కువ. మెట్‌ఫార్మిన్‌తో గ్లిమెపిరైడ్‌నో, గ్లిక్లజైడ్‌నో కలుపుతారు. ఆ రెండో మందు చక్కెరను అమాంతం కింద పడేస్తుంది. చెమటలు, వణుకు, మగత వస్తాయి. స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెర నీళ్లు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. ఒకసారి తేరుకున్నా షుగర్ మళ్లీ పడిపోతుంది. అందుకే కనీసం ఒక రోజు దవాఖానలో ఉంచి చూడాలి.

కావాలని మింగిన మనిషిని నలుగురిలో తిట్టకండి. ముందు ప్రాణం, తర్వాత మాట. మనసు బాగాలేనివాళ్లు మాట్లాడుకోవడానికి సర్కారు వారి టెలిమానస్ నంబరు 14416 ఉంది.

వంటింటి గోడ మీద రాసుకోండి

కాగితం మీద రాసి, మాత్రల డబ్బా దగ్గరే అంటించండి.

1. వాంతులు, విరేచనాలు, తిండి నీళ్లు సహించని జ్వరం వచ్చిన రోజు మెట్‌ఫార్మిన్ ఆపి, వెంటనే మీ డాక్టరుకు చెప్పండి. మామూలుగా తిని, తాగడం మొదలై ఒకటి రెండు రోజులయ్యాక, డాక్టర్ని అడిగి మళ్లీ మొదలుపెట్టండి.

2. మూత్రం ఎక్కువ పోయే మాత్రలు, పేరు చివర "ప్రిల్" అనో, "సార్టన్" అనో ఉండే బీపీ మాత్రలు, "గ్లిఫ్లోజిన్" అని ఉండే షుగర్ మాత్రలు కూడా ఆ రోజుల్లో ఆపాలేమో డాక్టర్ని అడగండి. గ్లిమెపిరైడ్ వంటివి తిండి లేకుండా వేస్తే చక్కెర పడిపోతుంది.

3. ఇన్సులిన్ మాత్రం సొంతంగా పూర్తిగా ఆపకండి. మోతాదు ఎంతో అడిగి వేయండి.

4. నొప్పుల గోలీలు సొంతంగా కొనివ్వకండి.

5. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపండి. "షుగర్ మనిషికి చక్కెర నీళ్లా?" అని వెనకాడకండి. ఆ కాస్త చక్కెర ఉంటేనే ఉప్పు, నీరు పేగుల్లోంచి ఒంటికి పడతాయి. గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూసుకుంటూ, చెంచాడు చెంచాడుగా పట్టించండి. ఉప్పేసిన గంజి, పలచటి మజ్జిగ కూడా మంచివే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నీళ్లెంతో డాక్టరే చెప్పాలి.

6. ఏడాదికి ఒక్కసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించండి. దాన్నిబట్టి కిడ్నీల పనితనం ఎంతో అంకె వేస్తారు. అది 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. 30-45 మధ్య ఉంటే మోతాదు తగ్గించాలి.

7. రంగు మందు ఎక్కించి స్కానింగ్ చేస్తామంటే, ఆపరేషన్ అంటే, మెట్‌ఫార్మిన్ వాడుతున్న సంగతి ముందే చెప్పండి.

8. మామగారికైనా, మీవారికైనా... ఈ మాత్రా, కల్లు సారాలూ మోతాదు మించితే ఒకదానికొకటి పడవు.

ఏ గుర్తులకు పరుగెత్తాలి?

మూత్రం బాగా తగ్గడం, గట్టిగా లోతుగా రొప్పడం, కడుపునొప్పి, ఒళ్లు చల్లబడటం, మగత, మాట తడబాటు... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. వెళ్లేచోట ఐసీయూ, డయాలసిస్ ఉన్నాయా అని ఫోన్లో కనుక్కుని బయలుదేరండి. లేకపోతే దగ్గరి దవాఖానలో ముందు సెలైన్ పెట్టించి, అక్కడి నుంచే పంపమనండి. ఆలేరు వాళ్లకైతే వరంగల్ రోడ్డు మీదే ఉన్నారు, రెండు వైపులా పెద్ద దవాఖానలున్న ఊళ్లున్నాయి. హైదరాబాద్ సుమారు 70 కిలోమీటర్లు, దారిలో బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మందుల చీటీలు, స్ట్రిప్పులు, ఆరోగ్యశ్రీ కార్డు ఒకే సంచిలో పెట్టుకుని ఎక్కండి. ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

ఇక చెల్లెమ్మా, చివరిగా మీతో ఒక మాట. నాలుగోనాడు అత్తమ్మ రొప్పడం చూసి, ఊళ్లోనే ఉంచకుండా హైదరాబాద్ తీసుకుపోయారు కదా, ఆ ప్రయాణమే ఆమెను బతికించింది. ఇంట్లో అందరూ మిమ్మల్నే చూస్తున్నారంటే, ఈ పేజీ చింపి వాళ్ల చేతిలో పెట్టండి. ఆడబిడ్డగారికి ముందుగా ఇవ్వండి. అత్తమ్మకు ఇకపై ఏ మాత్ర వాడాలో, కిడ్నీల అంకె ఎంతుందో డాక్టర్ని అడిగి తెలుసుకోండి. పాత స్ట్రిప్పులేమైనా డబ్బాలో మిగిలి ఉంటే తీసి పారేయండి, పొరపాటున మళ్లీ చేతికి రాకుండా.

పదేళ్లు ఒక్క పూట తప్పకుండా మందిచ్చిన చెయ్యి అది. అలాంటి చెయ్యి ఉన్న ఇల్లు అదృష్టం చేసుకున్న ఇల్లు. ఆ మాట అత్తమ్మ నోటితోనే మీరు వినాలని కోరుకుంటూ... ఉంటాను మరి!